2400 జీపీడీ అంటే గంటకు ఎన్ని లీటర్లు? రెండు గ్యాలన్ల గొడవ, ఒక కొటేషన్ లెక్క

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఊళ్లో నలుగురు కలిసి మంచినీళ్ల ప్లాంటు పెడుతున్నారు. కొటేషన్‌లో "4040 మెంబ్రేన్లు 3, ఒక్కొక్కటి 2400 జీపీడీ, ప్లాంటు కెపాసిటీ 1000 ఎల్‌పీహెచ్" అని ఉంది. మెంబ్రేన్ అంటే నీళ్లలో ఉప్పును ఆపే ఫిల్టర్ గొట్టం, 4040 దాని సైజు. జీపీడీ అంటే రోజుకు ఎన్ని గ్యాలన్లు, ఎల్‌పీహెచ్ అంటే గంటకు ఎన్ని లీటర్లు. నువ్వు పాత లెక్కల పుస్తకం తీసి గ్యాలన్‌కు 4.546 లీటర్లు వేశావు. గంటకు 1364 లీటర్లు వచ్చేసరికి "చెప్పినదానికంటే ఎక్కువే ఇస్తున్నాడు" అని సంతోషపడ్డావు. తీరా డల్లాస్‌లో ఉన్న మీ బావ ఫోన్‌లో 3.785 అన్నాడు. ఏది కరెక్టు, అసలు ఎప్పుడు గుణించాలో ఎప్పుడు భాగించాలో ఎట్లా గుర్తుంటుంది అని అడిగావు.

నల్లగొండ జిల్లాలో ఇరవై ఏళ్లుగా ఆర్వో ప్లాంట్ల సర్వీసింగే నా పని. కాబట్టి ముందు జవాబు చెప్పేస్తా: నీ కొటేషన్‌కు మీ బావ అంకే సరైనది. నీ పుస్తకం కూడా తప్పు కాదు. కానీ 3.785 వేసినా ఆ కొటేషన్ నిలబడదు. ఎందుకో చివర్లో చెప్తాను, ముందు గ్యాలన్ సంగతి తేల్చుకుందాం.

గ్యాలన్ ఒకటి కాదు, రెండు. మన మానిక లాగే అనుకో. మా అమ్మమ్మ వాళ్ల ఊరి మానిక వేరు, మా ఊరి మానిక వేరు. బియ్యం బదులు తెచ్చుకుంటే "ఏ మానికతో తెచ్చామో ఆ మానికతోనే కొలిచి ఇవ్వాలి" అని మా నాయనమ్మ పట్టుపట్టేది. పేరు ఒకటే, కొలత వేరు. ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు ఇదే పరిస్థితి. వైన్‌కు ఒక గ్యాలన్, బీరుకు ఒకటి, ధాన్యానికి ఇంకొకటి. 1707లో, క్వీన్ ఆన్ కాలంలో, వైన్ గ్యాలన్ అంటే 231 ఘనపు అంగుళాలు అని ఖాయం చేశారు. అమెరికావాళ్లు స్వతంత్రం వచ్చాక కూడా దాన్నే ఉంచుకున్నారు. అంగుళం అంటే కచ్చితంగా 2.54 సెంటీమీటర్లు కాబట్టి, 231 ఘనపు అంగుళాలు లెక్కకడితే 3.785411784 లీటర్లు. మనకు 3.785 చాలు.

బ్రిటన్ మాత్రం 1824లో పాతవన్నీ పక్కన పడేసి కొత్త గ్యాలన్ చేసుకుంది. పది పౌండ్ల నీళ్లు ఎంత చోటు పడతాయో అంత. అదే ఇంపీరియల్ గ్యాలన్, ఇప్పటి లెక్కలో 4.54609 లీటర్లు. మనల్ని ఏలింది వాళ్లు కాబట్టి మన పాత పుస్తకాల్లోకి ఆ గ్యాలనే వచ్చింది. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు మొదలై గ్యాలన్ అంగట్లోంచి పోయినా, పుస్తకాల్లోంచి, ఆఫీసుల్లోంచి పూర్తిగా పోలేదు.

హైదరాబాద్ నీళ్లనే చూడు. ఇప్పటికీ అక్కడ ఎంజీడీ అనే మాట్లాడతారు, అంటే రోజుకు పది లక్షల గ్యాలన్లు. మన జిల్లాలోని అక్కంపల్లి, కోదండాపూర్ మీదుగా సిటీకి పోయే కృష్ణా నీళ్లు ఒక్కో ఫేజుకు 90 ఎంజీడీ. అది ఏ గ్యాలన్? ఎవరినీ అడగక్కర్లేదు, లెక్కే చెప్తుంది. ఒక్కో ఫేజుకు ఏడాదికి 5.5 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28.317 లీటర్లు. 5.5 టీఎంసీలను లీటర్లు చేసి 365తో భాగిస్తే రోజుకు దాదాపు 42.7 కోట్ల లీటర్లు. 90 ఎంజీడీని 4.546తో గుణిస్తే 40.9 కోట్లు, 3.785తో గుణిస్తే 34.1 కోట్లు. కేటాయింపుకు దగ్గరగా ఉన్నది బ్రిటిష్ గ్యాలనే. మిగిలిన కొంచెం దారిలో పోయే నీళ్లకు సరిపోతుంది.

నిజామాబాద్, కరీంనగర్ నుంచి దుబాయ్ పోయినవాళ్లను అడుగు, ఇంకో తమాషా చెప్తారు. అక్కడ చాలా ఏళ్లు నీటి బిల్లు ఇంపీరియల్ గ్యాలన్లలో వచ్చేది. అదే ఇంటికి వచ్చే "ఐదు గ్యాలన్ల" తాగే నీళ్ల బాటిల్ మాత్రం 18.9 లీటర్లు, అంటే అమెరికా గ్యాలన్. ఒకే ఇంట్లో రెండు గ్యాలన్లు.

మన పనిలో అయితే ఈ గందరగోళం లేదు. మెంబ్రేన్, ఫిల్టర్ హౌసింగ్, నీళ్ల వేగం చూపే రోటామీటర్, వాటి కేటలాగులు, ఇవన్నీ అమెరికా లెక్కలో తయారైన సామాను. వీటి మీద గ్యాలన్ అని కనిపిస్తే 3.785 అనుకో. అనుమానం ఉంటే డేటా షీట్ చూడు, పక్కనే క్యూబిక్ మీటర్లలో కూడా ఇస్తారు. 2400 జీపీడీ 4040 మెంబ్రేన్ షీటు మీద రోజుకు 9.1 క్యూబిక్ మీటర్లు అని ఉంటుంది. 9100 లీటర్లను 2400తో భాగిస్తే 3.79. తేలిపోయింది కదా.

ఇక గుణించాలా భాగించాలా అన్నది. ఇది కంఠతా పట్టకు. పట్టినవాళ్లే ఎక్కువ తప్పు చేస్తారు. 3.785 లీటర్లు అన్నా 1 గ్యాలన్ అన్నా అవే నీళ్లు. కాబట్టి ఒకదాన్ని గీత పైన, ఇంకోదాన్ని గీత కింద రాస్తే ఆ భిన్నం విలువ ఒకటి. ఒకటితో గుణిస్తే నీళ్లు పెరగవు, తరగవు, పేరు మాత్రం మారుతుంది. ఏది పైన, ఏది కింద అన్నది నువ్వు వదిలించుకోవాలనుకున్న పేరును బట్టి ఉంటుంది. పైన ఉన్న గ్యాలన్ పోవాలంటే గ్యాలన్‌ను కింద రాయాలి. నీ లెక్కే రాస్తాను చూడు, మూడు మెంబ్రేన్లకు కలిపి 7200 జీపీడీ:

(7200 గ్యాలన్లు / 1 రోజు) × (3.785 లీటర్లు / 1 గ్యాలన్) × (1 రోజు / 24 గంటలు)

పైన గ్యాలన్లు, కింద గ్యాలన్ కొట్టేయి. కింద రోజు, పైన రోజు కొట్టేయి. పైన లీటర్లు, కింద గంటలు మిగిలాయి. మనకు కావలసింది అదే. 7200ను 3.785తో గుణిస్తే 27,252, దాన్ని 24తో భాగిస్తే 1135. అంటే గంటకు 1135 లీటర్లు. నీకు వచ్చిన 1364కు, దీనికి తేడా దాదాపు 228 లీటర్లు. రోజుకు పది గంటలు మోటారు నడిపితే 2280 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 114. పేరులో చిన్న పొరపాటు, క్యాన్లలో ఎంత తేడానో చూడు.

పొరపాటున భిన్నం తలకిందులుగా రాశావనుకో. గ్యాలన్లు కొట్టుడుపోవు. పైన గ్యాలన్ ఇంటూ గ్యాలన్, కింద లీటర్ మిగులుతాయి. అలాంటి వస్తువు ఏ అంగట్లోనూ దొరకదు. వెంటనే తెలిసిపోతుంది, తిప్పి రాస్తావు. క్యాలిక్యులేటర్ ఈ తప్పు పట్టదు. అది అంకెలే చూస్తుంది, పేర్లు చూడదు. అందుకే నా దగ్గర పనికి చేరే కుర్రాళ్లకు ఒకటే చెప్తాను: అంకె పక్కన పేరు లేని లెక్క నాకు చూపించొద్దు.

గ్యాలన్ కింద ఉన్న లెక్కలు కూడా వస్తాయి. మీ బావ కారులో పెట్రోలు పోయిస్తూ గ్యాలన్‌కు 3 డాలర్లు అన్నాడనుకో. లీటరుకు ఎంత? ఇప్పుడు గ్యాలన్ కింద ఉంది, దాన్ని కొట్టేయాలంటే పైన రాయాలి:

(3 డాలర్లు / 1 గ్యాలన్) × (1 గ్యాలన్ / 3.785 లీటర్లు) = లీటరుకు 0.79 డాలర్

ఇక్కడ భాగహారం తనంతట తానే వచ్చింది. "గ్యాలన్ నుంచి లీటరుకు ఎప్పుడూ గుణించాలి" అని బట్టీ పట్టినవాడు లీటరు పెట్రోలు 11 డాలర్లు అని చెప్పి ఊరుకుంటాడు.

ఇదేదో ఇంగ్లిష్ చదువు అనుకోకు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. మూడు కుంచాల వడ్లు ఎన్ని సోలలు అంటే మా నాయనమ్మ వేళ్ల మీదే మూడు నాలుగులు పన్నెండు మానికలు, ఇరవై నాలుగు తవ్వలు, నలభై ఎనిమిది సోలలు అని చెప్పేది. ఒక్కో మెట్టు దిగుతూ పేరు మార్చుకుంటూ పోవడమే. మనం గీతలు గీసి రాస్తున్నాం, అంతే.

ఇంత నమ్మకంగా చెప్తున్నానంటే నేను ఒకసారి దెబ్బతిన్నాను కాబట్టి. పనిలో చేరిన కొత్తలో మిర్యాలగూడ దగ్గర ఒక ప్లాంటులో మెంబ్రేన్లకు యాసిడ్ వాష్ చేయాల్సి వచ్చింది. బోరు నీళ్లు బాగా ఉప్పన, మెంబ్రేన్లకు సున్నం పట్టి ప్రెషర్ పెరిగిపోయింది, నీళ్లు సగానికి వచ్చాయి. కంపెనీ షీటులో 100 గ్యాలన్ల నీళ్లకు 17 పౌండ్ల సిట్రిక్ యాసిడ్ అని ఉంది. మా దగ్గర ఉన్నది 200 లీటర్ల ట్యాంకు. స్కూల్లో చదివిన 4.546 నోట్లో ఉంది కదా, 200ను దాంతో భాగించి 44 గ్యాలన్లు అన్నాను. ఏడున్నర పౌండ్లు, 3.4 కిలోలు. కిరాణా కొట్టు తరాజు మీద తూచి కలిపాను. గంటన్నర తిప్పి, కడిగి, ప్లాంటు ఆన్ చేస్తే ప్రెషర్ కొంచెం దిగింది, పూర్తిగా దిగలేదు.

మర్నాడు మా సీనియర్ వచ్చాడు. మెంబ్రేన్ జోలికి పోలేదు, ముందు "లెక్క కాగితం ఏదీ?" అన్నాడు. నా దగ్గర కాగితం ఎక్కడిది, అరచేతిలో రాసుకున్న రెండు అంకెలు, అవి కూడా చెమటకు చెరిగిపోయాయి. ఆయన సిగరెట్ పెట్టె చింపి వెనక రాసిన వరుస నాకు ఇప్పటికీ గుర్తే:

200 లీటర్లు × (1 గ్యాలన్ / 3.785 లీటర్లు) × (17 పౌండ్లు / 100 గ్యాలన్లు) × (0.4536 కిలోలు / 1 పౌండు)

లీటర్లు పోయాయి, గ్యాలన్లు పోయాయి, పౌండ్లు పోయాయి, కిలోలు మిగిలాయి. 4.07 కిలోలు. నేను వేసింది 3.4. ఆరు వంతుల్లో ఒక వంతు తక్కువ. పీహెచ్ కాగితం ముంచి చూశాను కదా అని వాదించాను. అంత చిన్న తేడా పీహెచ్ కాగితం మీద కనపడదని అప్పుడు తెలిసింది. సరైన పాళ్లలో మళ్లీ కలిపి, ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు తిప్పితే ప్రెషర్ దారికొచ్చింది. మొదటిసారి దిగకపోవడానికి తక్కువ యాసిడ్ ఒక్కటే కారణమని ప్రమాణం చేయను, ఎక్కువసేపు తిప్పడం కూడా పనిచేసి ఉంటుంది. కానీ ఒక రోజు నీళ్లు ఆగి, క్యాన్ల ఆటోలు ఖాళీగా తిరిగిపోయి, ప్లాంటు ఓనరు చేత నాలుగు మాటలు పడ్డాను.

ఆయనే ఇంకో మాట చెప్పాడు. పెద్ద కెమికల్ డ్రమ్మును మనం 200 లీటర్ల డ్రమ్ము అంటాం కదా. అమెరికాలో దాన్ని 55 గ్యాలన్ల డ్రమ్ము అంటారు, బ్రిటన్‌లో 44 గ్యాలన్లు. 44ను 4.546తో గుణించు, సరిగ్గా 200. 55ను 3.785తో గుణించు, 208. డ్రమ్ము ఒకటే, పైదాకా నింపితే పట్టేది 208, సరుకు పోసేది 200. ఏ గ్యాలన్ ఏదో మర్చిపోతే ఆ డ్రమ్మును గుర్తు తెచ్చుకుంటాను.

సైటులో నిలబడి కాగితం లేకుండా లెక్క వేయాలంటే నేను వాడేవి ఇవి. అమెరికా గ్యాలన్లను నాలుగుతో గుణించి అందులో నూటికి ఐదు తీసేయి. 50 గ్యాలన్లు అంటే 200, పది తీస్తే 190. అసలు 189.3, ఏమంత తేడా లేదు. బ్రిటిష్ గ్యాలన్‌కు ఇంకా తేలిక, 22 గ్యాలన్లు 100 లీటర్లు. ఇది దాదాపు కచ్చితం. అమెరికా గ్యాలన్‌కు అలాంటిదే కావాలంటే 14 గ్యాలన్లు 53 లీటర్లు. ఇక రెండు గ్యాలన్ల మధ్య అయితే 6 అమెరికా గ్యాలన్లు 5 బ్రిటిష్ గ్యాలన్లకు దాదాపు సమానం. వీటిని కూడా పైన కింద రాసి కొట్టేయొచ్చు, 3.785 బదులు 53/14 వాడినట్టు.

ఒక చిన్న చిరాకు కూడా చెప్పేస్తా. ఇంట్లో పెట్టే చిన్న ఆర్వోకు 75 జీపీడీ మెంబ్రేన్ వస్తుంది. అది గంటకు 11.8 లీటర్లు, అందుకే డబ్బా మీద 12 లీటర్లు అని వేస్తారు. కొందరు 11.828 అని మూడు దశాంశాల దాకా రాసుకొస్తారు. మెంబ్రేన్ తయారైనప్పుడే వందకు పదో పదిహేనో అటూ ఇటూ ఉంటుందయ్యా. దానికి మూడు దశాంశాలు ఎందుకు?

ఇప్పుడు నీ కొటేషన్. లెక్క ప్రకారం మూడు మెంబ్రేన్లకు గంటకు 1135 లీటర్లు, చెప్పింది 1000, అంతా బాగానే ఉన్నట్టుంది. కానీ ఆ 2400 జీపీడీ ఎక్కడ వచ్చింది? ఫ్యాక్టరీ టెస్టులో. నీళ్లలో లీటరుకు 2000 మిల్లీగ్రాముల ఉప్పు, 225 పీఎస్ఐ ప్రెషర్, 25 డిగ్రీల వేడి, లోపలికి పోయిన నీళ్లలో నూటికి 15 మాత్రమే మంచినీళ్లుగా తీస్తారు. మన బోరు దగ్గర ఎవరైనా నూటికి 85 వంతుల నీళ్లు రిజెక్ట్‌లో, అంటే పనికిరాని ఉప్పునీళ్లుగా, వదిలేస్తారా? ఇక్కడ సగమైనా తీయాలంటారు. సగం తీసేకొద్దీ మిగిలిన నీళ్లలో ఉప్పు చిక్కబడుతుంది, మెంబ్రేన్ మీద భారం పెరుగుతుంది. వేడి కూడా లెక్కే. నీళ్ల వేడి ఒక్క డిగ్రీ తగ్గితే నీళ్లు నూటికి మూడు వంతులు తగ్గుతాయి, జనవరిలో పొద్దున్నే ప్లాంటు ఆన్ చేసినవాడికి తెలుస్తుంది. ఇవన్నీ కలిపి మా పనిలో ఒక 4040 మెంబ్రేన్‌కు గంటకు 250 లీటర్లు అని పట్టుకుంటాం. 500 లీటర్ల ప్లాంటుకు రెండు, 1000 లీటర్ల ప్లాంటుకు నాలుగు.

అంటే నీ మూడు మెంబ్రేన్లకు నికరంగా 750 లీటర్లు. ప్రెషర్ పెంచి 1000 లాగొచ్చు, కొత్తలో వస్తాయి కూడా. అప్పగించిన రోజు మీటరులో 1000 చూపించి డబ్బులు తీసుకుని వెళ్తాడు. ఆరు నెలలకు సున్నం పట్టి నీళ్లు పడిపోతే నాలాంటోడికి ఫోన్ చేస్తారు. సప్లయర్ మోసం చేస్తున్నాడని నేను అనను. షీటులోని జీపీడీని లీటర్లు చేసి 24తో భాగించి అదే కెపాసిటీ అనుకునేవాళ్లు చాలామంది. కానీ నాలుగో మెంబ్రేన్ అడుగు, లేదా కొటేషన్‌లో 750 అని రాయించు. మన వైపు ఫ్లోరైడ్ నీళ్లకు ప్లాంటు నికరంగా నడవడమే ముఖ్యం, మీటరు అంకె కాదు.

ప్లాంటు వచ్చాక రోటామీటరు చూడు. నిలువుగా ఉండే ప్లాస్టిక్ గొట్టం, లోపల బొడిపె తేలుతుంటుంది. చాలా వాటి మీద ఒకవైపు ఎల్‌పీఎం (నిమిషానికి లీటర్లు), ఇంకోవైపు జీపీఎం (నిమిషానికి గ్యాలన్లు) గీతలుంటాయి. జీపీఎం 5 గీతకు ఎదురుగా రెండోవైపు చూడు, 19 దగ్గర ఉంటుంది. ఐదు ఇంటూ 3.785. ఇంపీరియల్ అయితే 22.7 ఉండేది. గంటకు 1000 లీటర్లు అంటే నిమిషానికి 16.7 లీటర్లు, అంటే 4.4 జీపీఎం. 750 లీటర్లు అంటే 12.5 లీటర్లు, 3.3 జీపీఎం. చూసేది ప్రొడక్ట్ నీళ్ల (మంచినీళ్ల) మీటరు, రిజెక్ట్ మీటరు కాదు. పక్కపక్కనే ఉంటాయి, మొదటిరోజు అందరూ తప్పు మీటరే చదువుతారు.

మీటరు మీద కూడా నమ్మకం లేకపోతే 20 లీటర్ల క్యాను, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఖాళీ క్యానును ముందు తూకం వేసి పెట్టుకో, గొంతు దాకా నింపితే 20 దాటిపోతుంది కాబట్టి. ప్లాంటు అరగంట నడిచాక ప్రొడక్ట్ పైపు క్యానులో పెట్టి టైం నొక్కు, నిండాక ఆపి, తూచి, క్యాను బరువు తీసేయి. 20 కిలోల నీళ్లు 72 సెకన్లలో వస్తే గంటకు 1000 లీటర్లు. 96 సెకన్లు పడితే 750. ఆ రోజు ఎన్ని సెకన్లు వచ్చాయో, నీళ్ల వేడి ఎంతో, ప్రెషర్ గేజీలో ఎంత ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసి ప్లాంటు గోడకు వేలాడదీయి. ప్రతి నెలా అదే క్యానుతో, అదే పైపుతో చూడు. 96 కాస్తా 110 దాటిందంటే మెంబ్రేన్ కడగాలి. కడిగేటప్పుడు యాసిడ్ లెక్క రాసిన కాగితం కూడా ఆ నోట్‌బుక్‌లోనే పెట్టు.